భాష వచ్చినా మాట కలవని కాలం

విదేశాల్లో చదివే మా పొదిలి పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు, ‘పాఠం అర్థమవుతుంది సార్, పక్కింటివాళ్లతో ఏం మాట్లాడాలో తెలియదు’ అంటుంటారు. ఇది కొత్త ఇబ్బంది కాదు. అయితే వందేళ్ల కిందట బ్రిటన్‌లో చదివిన భారతీయులకు భాషకంటే అనుమానమే పెద్ద అడ్డు.

భారతీయులకూ ఆంగ్లేయులకూ పరిచయాలు కలిగించడానికి నేషనల్ ఇండియన్ అసోసియేషన్ లండన్‌లో విందు సమావేశాలు జరిపేది. 1909 జులై 1న అటువంటి సమావేశంలోనే ఇంజనీరింగ్ విద్యార్థి మదన్‌లాల్ ధింగ్రా ఇండియా ఆఫీసు అధికారి కర్జన్ వైలీని కాల్చి చంపాడు. మాటలు కలపవలసిన చోటే తుపాకి పేలింది. విద్యార్థులపై నిఘా పెరిగింది. మరుసటి ఏడు క్రామ్‌వెల్ రోడ్డులోని ఒకే భవనంలో విద్యార్థుల వసతి గదులు, ప్రభుత్వ సలహాదారు కార్యాలయం, ఆ అసోసియేషన్ చేరాయి. స్నేహానికీ నిఘాకూ ఒకే గుమ్మమైతే ఎవరు మనసు విప్పుతారు? 1921లో లిట్టన్ కమిటీ వేసేనాటికీ ఈ అపనమ్మకం పోలేదు.

డబ్లిన్ సంగతి వేరు. బరంపురం తెలుగు కుటుంబానికి చెందిన వి.వి. గిరి 1913లో అక్కడ న్యాయశాస్త్రం చదవడానికి వెళ్లారు. ఆయనకు ఇంగ్లీషు బోధించిన థామస్ మెక్‌డోనా కవి, ఐరిష్ స్వాతంత్ర్య యోధుడు. అక్కడివారూ బ్రిటిష్ పాలనలో ఉన్నవారే కనుక, మాట కలపడానికి గిరికి వేరే పరిచయం అక్కరలేకపోయింది. 1916 ఈస్టర్ తిరుగుబాటు తరువాత మెక్‌డోనాను కాల్చి చంపారు. అదే ఏడాది గిరి ఐర్లాండు విడిచి రావలసి వచ్చింది.