హామ్‌ట్రామిక్: జనాభా లెక్కల గళ్లలో ఇమడని ఊరు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో హామ్‌ట్రామిక్ అనే చిన్న నగరం ఉంది. వైశాల్యం సుమారు 5.4 చదరపు కిలోమీటర్లు. ఇంచుమించు నాలుగు వైపులా డెట్రాయిట్ మహానగరమే. 2010 జనాభా లెక్కల్లో అక్కడ 22,423 మంది తేలారు. వారిలో శ్వేతజాతీయులు 53.6 శాతం, ఆసియావారు 21.5 శాతం, నల్లజాతీయులు 19.3 శాతం. ఈ అంకెలు మాత్రమే చూసినవారికి అది సగానికి పైగా ఐరోపా సంతతి ఉన్న ఊరని అనిపిస్తుంది. అది నిజం కాదు. ఆ 53.6 శాతంలో మూడు తరాల కిందట పోలండ్ నుంచి వచ్చినవారి మనవలున్నారు. బోస్నియా యుద్ధం నుంచి తప్పించుకు వచ్చినవారున్నారు. యెమెన్ కొండల నుంచి వచ్చిన అరబ్బులూ ఉన్నారు. వీరందరికీ ప్రభుత్వం కేటాయించిన గడి ఒక్కటే.

ఒక ఊరి జాతుల పట్టికలో మనుషుల వివరాలతో పాటు, ఆ గళ్లు గీసినవారి చరిత్ర కూడా దాగి ఉంటుంది. హామ్‌ట్రామిక్‌లో ఈ రెండూ విడదీయరానంతగా కలిసిపోయాయి.

మొదట అది జర్మన్ రైతులు ఎక్కువగా ఉన్న పల్లె. 1910లో జనం 3,559. అదే ఏడాది జాన్, హొరేస్ డాడ్జ్ సోదరులు అక్కడ మోటారు కార్ల కర్మాగారం తెరిచారు. పోలండ్ నుంచి కూలీలు వెల్లువలా వచ్చారు. 1920 నాటికి జనాభా 48,615, అంటే పదేళ్లలో పదమూడు రెట్లకు పైగా. 1930లో 56,268కి చేరింది. అంత చిన్న నేల మీద అంతమంది ఇమడాలంటే ఇళ్లు గోడకు గోడ ఆనుకున్నట్టు లేవక తప్పలేదు. నేటికీ ఆ ఊరి ఇళ్ల మధ్య సందులు ఇరుకే. చర్చిలు, బడులు, పత్రికలు, మాంసం దుకాణాలు అన్నీ పోలిష్ భాషలోనే నడిచేవి. 1970లో కూడా ఊరిలో పదింట తొమ్మిది వంతుల మంది పోలిష్ మూలాలవారేనని అంచనా. 1987లో పోలండ్‌లో పుట్టిన పోప్ రెండవ జాన్ పాల్ ఆ ఊరికి వచ్చారంటే అమెరికా పోలిష్ సమాజంలో దాని స్థానం ఎంతటిదో తెలుస్తుంది.

అప్పటికే ఊరి ఆయువుపట్టు తెగింది. డాడ్జ్ కర్మాగారం 1980లో మూతపడింది. ఆ స్థలంతో పాటు పక్కనే డెట్రాయిట్‌లోని పోల్‌టౌన్ అనే పేటను కూడా కలిపి జనరల్ మోటార్స్ కొత్త కర్మాగారానికి అప్పగించారు. అందుకోసం సుమారు 4,200 మందిని ఖాళీ చేయించారు. పనికోసం వచ్చినవారి పిల్లలు శివారు పట్టణాలకు తరలిపోయారు. 1990 నాటికి హామ్‌ట్రామిక్ జనాభా 18,372కి పడిపోయింది.

ఊరు మళ్లీ నిండటానికి కారణం వలసలే. యెమెనీలు 1960ల నుంచే కార్ల కర్మాగారాల పనికి వచ్చి ఉన్నారు. ముందు మగవాళ్లు ఒంటరిగా వచ్చారు, తరువాత కుటుంబాలు చేరాయి. 1990లలో బోస్నియా శరణార్థులు వచ్చారు. అదే దశాబ్దం చివర న్యూయార్క్ క్వీన్స్ ప్రాంతంలో ఇంటి అద్దెలు భరించలేని బంగ్లాదేశీలు, ముఖ్యంగా సిల్హెట్ వైపు వారు, ఇక్కడ ఇళ్లు చవకని విని కుటుంబాలతో తరలివచ్చారు. కోనంట్ వీధికి 2008లో గౌరవసూచకంగా బంగ్లాదేశ్ అవెన్యూ అని పేరు పెట్టారు. 2000 నాటికే ఊరిలో ప్రతి పదిమందిలో నలుగురు విదేశాల్లో పుట్టినవారు. పోలిష్ మూలాలు చెప్పుకున్నవారు 23 శాతానికి తగ్గారు. 2020లో జనాభా 28,433.

ఆ 2000 లెక్కల్లోనే ఒక విచిత్రమైన అంకె ఉంది. ఒకటి కంటే ఎక్కువ జాతులు తమవని రాసుకున్నవారు దేశం మొత్తం మీద 2.4 శాతమైతే, హామ్‌ట్రామిక్‌లో దాదాపు 12 శాతం. కొత్తగా వలస వచ్చిన కుటుంబాలు ఇంతగా ఉన్న ఊరిలో దీన్ని కేవలం జాత్యంతర వివాహాల ఫలితంగా చూడటం కష్టం. ఇచ్చిన గళ్లలో తమది ఏదో తేల్చుకోలేనివారు రెండింటి మీద గుర్తు పెట్టి ఉంటారన్నదే ఎక్కువ నమ్మదగిన వివరణ.

ఆ తడబాటుకు పాత కారణాలున్నాయి. 1942లో డెట్రాయిట్‌లోని ఫెడరల్ కోర్టు అహ్మద్ హసన్ అనే యెమెన్ అరబ్బుకు పౌరసత్వం నిరాకరించింది. అతను చట్టం చెప్పిన అర్థంలో శ్వేతజాతీయుడు కాడని తీర్పు. ఒంటి రంగుతో పాటు మతాన్ని కూడా ఆ తీర్పు లెక్కలోకి తీసుకుంది. రెండేళ్లకే, 1944లో, మసాచుసెట్స్‌లోని మరో ఫెడరల్ కోర్టు ఒక అరబ్బును శ్వేతజాతీయుడిగా ఒప్పుకొని పౌరసత్వం ఇచ్చింది. ఆ తరువాత ప్రభుత్వ లెక్కలు ఈ రెండో దారినే పట్టాయి. ఒకనాడు శ్వేతజాతీయులు కారని కోర్టు గెంటిన అదే యెమెన్ వారిని, అదే డెట్రాయిట్ పక్కన, ప్రభుత్వం శ్వేతజాతీయుల గడిలో వేస్తూ వచ్చింది. అడిగి వేసింది కాదు.

భారతీయుల కథ కూడా ఇదే తోవలో నడిచింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ భగత్ సింగ్ థింద్‌కు 1923లో సుప్రీం కోర్టు పౌరసత్వం కాదంది. 1920 నుంచి 1940 దాకా జనాభా లెక్కల్లో భారతీయులందరినీ, సిక్కులను, ముస్లిములను సైతం, హిందూ అనే జాతి కింద రాశారు. 1970లో శ్వేతజాతీయులుగా లెక్కగట్టారు. భారతీయ సంఘాలు పట్టుబట్టాక 1980లో ఏషియన్ ఇండియన్ అనే ప్రత్యేక గడి వచ్చింది. హామ్‌ట్రామిక్‌కు కొద్ది దూరంలో ట్రాయ్, నోవై వంటి శివారు పట్టణాల్లో స్థిరపడిన తెలుగు ఇంజినీర్ల కుటుంబాలు ఇవాళ గుర్తు పెట్టేది దాని మీదే. జాతి ప్రశ్నలో తెలుగువారు పంజాబీలతో, గుజరాతీలతో కలిసిపోతారు. ఇంట్లో మాట్లాడే భాష అడిగే సర్వేలోనే విడిగా కనిపిస్తారు.

గళ్ల మాట వలసవారితో ఆగదు. హామ్‌ట్రామిక్‌లో నల్లజాతి కుటుంబాలు మొదటి నుంచీ ఉన్నాయి. 1960లలో పట్టణ పునర్నిర్మాణం పేరిట నగర ప్రభుత్వం కూల్చడానికి ఎంచుకున్న పేటలు ఎక్కువగా వారివే. డాడ్జ్ కర్మాగారంలో నల్లజాతి కార్మికులు 1968లో తమ సొంత విప్లవ సంఘం కట్టుకొని సమ్మె చేసిన రోజులవి. ఇళ్లు పోయినవారు అదే ఏడాది కోర్టుకెక్కారు. 1971లో న్యాయమూర్తి డేమన్ కీత్, నల్లజాతీయులను ఊరి నుంచి తొలగించాలన్న ఉద్దేశంతోనే నగరం ఈ పని చేసిందని తేల్చారు. పరిహారంగా కట్టాల్సిన ఇళ్లు పూర్తి కావడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. వాటి కోసం ఎదురుచూస్తూనే కొందరు కన్నుమూశారు. 2010 నాటి ఆ 19.3 శాతాన్ని ఈ తీర్పు తెలియకుండా చదవడం న్యాయం కాదు. ఒక ఊరిలో ఏ జాతి వారు ఎంతమంది అన్నది తనంతట తాను తేలిన విషయం కాదని ఇంతకంటే గట్టిగా చెప్పే సాక్ష్యం దొరకడం అరుదు.

గడి ఏదన్నదాన్ని బట్టి ఓటు కూడా మారుతుంది. 1999 నవంబరు మేయర్ ఎన్నికలో ఒక బృందం పోలింగు కేంద్రాల్లో నిలబడి, చామనఛాయ ఒళ్లున్నవారిని, అరబ్బు, ముస్లిం పేర్లున్నవారిని ఆపి పౌరులేనా అని సవాలు చేసింది. ప్రమాణం చేశాకే ఓటు వేయనిచ్చారు. కొందరు పాస్‌పోర్టు చూపినా వదల్లేదు. కేంద్ర న్యాయశాఖ జోక్యం చేసుకోవడంతో 2000లో నగరం కోర్టు ఒప్పందానికి తలొగ్గి, ఎన్నికల సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికీ, బెంగాలీ, అరబ్బు సహాయకులను నియమించడానికీ అంగీకరించింది. 2011లో ఓటింగ్ హక్కుల చట్టం కింద హామ్‌ట్రామిక్ బెంగాలీలో బ్యాలెట్ ఇవ్వక తప్పని ఊళ్ల జాబితాలో చేరింది. అరబిక్‌కు ఆ రక్షణ లేదు. కారణం, ఆ చట్టం గుర్తించే భాషా సమూహాలు ఆసియా, అమెరికా ఆదివాసీ, అలాస్కా ఆదివాసీ, స్పానిష్ వారసత్వం వారు మాత్రమే. శ్వేతజాతీయుల గడిలో ఉన్న అరబ్బులు ఎంతమంది ఉన్నా ఆ నిబంధన వర్తించదు. దగ్గరలో ఉన్న డియర్‌బార్న్‌తో పాటు హామ్‌ట్రామిక్ 2022లో అరబిక్ బ్యాలెట్‌ను సొంత నిర్ణయంతోనే తెచ్చుకోవలసి వచ్చింది.

రాజకీయంగా కూడా ఊరు మారింది. 2004లో మసీదు మైకులో అజాన్‌కు అనుమతిపై ఊరు రెండుగా చీలింది, చివరికి ప్రజల ఓటుతో అనుమతి నిలిచింది. 2015లో అమెరికాలోనే తొలిసారిగా నగర కౌన్సిల్‌లో ముస్లిములు మెజారిటీ అయ్యారు. 2021లో యెమెన్‌లో పుట్టిన ఆమెర్ గాలిబ్ మేయరుగా గెలవడంతో దాదాపు శతాబ్దంపాటు సాగిన పోలిష్ మేయర్ల వరుస ఆగింది. పత్రికలు దీన్ని ఒక మతం గెలుపుగా రాశాయి. ఆ రాతల్లో పెద్ద లోపముంది. కౌన్సిల్‌లో కూర్చున్నవారిలో యెమెనీలు, బంగ్లాదేశీలు, మతం మార్చుకున్న పోలిష్ అమెరికన్ కూడా ఉన్నారు. భాష, దేశం, వీధి వేరు. ఎన్నికల్లో ఒకరి మీద ఒకరు పోటీ చేసుకునేవారే.

2020 లెక్కల్లో తొలిసారి, శ్వేతజాతీయుల గడి కింద మూలాలు రాసే చోటు ఇచ్చి లెబనాన్, ఈజిప్టు వంటి పేర్లు ఉదాహరణగా చూపారు. దేశవ్యాప్తంగా 35 లక్షల మంది మధ్యప్రాచ్య, ఉత్తర ఆఫ్రికా మూలాలు రాశారు. ఒక్క మిషిగన్‌లోనే 3 లక్షలకు పైగా. డియర్‌బార్న్ జనాభాలో సగానికి మించినవారు ఈ మూలాలవారేనని అప్పుడే అధికారికంగా తేలింది. 2024 మార్చిలో ప్రభుత్వం వీరికి ప్రత్యేక గడి ఇవ్వాలని నిర్ణయించింది. అది 2030 లెక్కల్లో అమలైతే హామ్‌ట్రామిక్‌లో శ్వేతజాతీయుల శాతం ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది. ఆ ఊరి నుంచి ఒక్క కుటుంబం కదలకపోయినా అలాగే కనిపిస్తుంది. అందువల్ల 2010, 2030 పట్టికలను పక్కపక్కన పెట్టి పోల్చబోయే పరిశోధకులు జాతి అంకెలను ఒంటరిగా వాడకూడదు. పుట్టిన దేశం, ఇంటి భాష, చెప్పుకున్న మూలాలు అనే మూడు అంకెలను ముందు పరిచి, జాతి గడిని వాటి తరువాతే చదవాలి.