నమ్మకమైన భార్యకు సంఘము ఏమి చెప్పింది?

ప్రియ సహోదరీ సహోదరులారా, పెండ్లి కుదిరిన జంట పేర్లు మన సంఘాలలో మూడు ఆదివారాలు చదువుతాము. అభ్యంతరము గలవారు తెలియజేయవలెనని అడుగుతాము. ఆఫ్రికా ఖండములోని ఉగాండా దేశంలో చాలా సంఘాలు ఈ ప్రకటనకు ముందు మరొక మాట చేర్చాయి. "ఇద్దరూ హెచ్.ఐ.వి. రక్తపరీక్ష చేయించుకొని రండి" అన్నదే ఆ మాట. పాస్టరుగారి నోట ఈ మాట అంత తేలికగా రాలేదు. దాని వెనుక ఉన్న చరిత్రను ఈ వేళ ఆలోచించుదాము.

1986లో ముసెవెని అధికారంలోకి వచ్చేనాటికి ఉగాండాలో ఎయిడ్స్ ఊళ్లకు ఊళ్లను తినేస్తోంది. ప్రభుత్వము చర్చిలను, మసీదులను సహాయం అడిగింది. ఆనాటి ప్రచారం పశువుల కాపరులకు కూడా అర్థమయ్యే భాషలో సాగింది. గుంజకు కట్టిన పశువు తాడు పొడవు మేరకే మేస్తుంది, అలాగే నీవూ నీ ఇంటి వరకే ఉండుము అన్నారు. మన ప్రసంగ పీఠాలకు ఇది ఎంతో అనుకూలమైన మాట కదా! పెండ్లికి ముందు పవిత్రత, పెండ్లి తరువాత నమ్మకత్వము. దైవజనులు దీనిని గట్టిగా బోధించారు. ఆ బోధ వ్యర్థము కాలేదు. 1990ల ఆరంభంలో పెద్దవారిలో నూటికి సుమారు 15 మందికి ఉన్న వ్యాధి 2000ల ఆరంభానికి సుమారు ఆరుగురికి దిగింది. చనిపోయినవారు లెక్కలోనుండి తొలగిపోవడం కూడా ఆ తగ్గుదలకు ఒక కారణమని పరిశోధకులు చెప్పారు. అయినా మనుష్యుల నడత మారిందన్నది నిజము.

అయితే ఒక ప్రశ్న మిగిలిపోయింది. భర్త తాడు తెంపుకొని పోతే, ఇంట నమ్మకముగా ఉన్న భార్య ఏమి చేయాలి? ఆ ప్రసంగాలలో ఆమెకు జవాబు లేదు. వ్యభిచారమునకు శిక్ష ఎయిడ్స్ అని పీఠము మీదనుండి విన్న స్త్రీ పరీక్షకు ఎలా వెళ్తుంది? కండోము వాడుమని భర్తను ఎలా అడుగుతుంది? అడిగితే నిందితురాలు ఆమే అవుతుంది.

ఈ మౌనాన్ని బద్దలు కొట్టినవాడు ఒక గురువే. ఆంగ్లికన్ గురువైన గిడియన్ బ్యాముగిషా (మన సి.ఎస్.ఐ. సంఘములకు చుట్టమే అనుకోవచ్చును) ముకోనోలోని బిషప్ టక్కర్ వేదాంత కళాశాలలో బోధించేవారు. 1991లో ఆయన భార్య మరణించింది. అది ఎయిడ్స్ అని ఆయనకు తరువాత తెలిసింది. 1992లో తనకు కూడా హెచ్.ఐ.వి. ఉన్నదని తెలిసికొని, దాచకుండా బహిరంగంగా చెప్పారు. ఆఫ్రికాలో అలా చెప్పిన మొదటి మతనాయకుడు ఆయనే. 1995లో, హెచ్.ఐ.వి. గల ఒక స్త్రీని వివాహం చేసికొన్నారు. వైద్యుల సలహాతో మందులు వాడగా వారికి వ్యాధి లేని బిడ్డలు పుట్టారు. ఒక్కసారి ఆలోచించండి, ఇంటింటా గుసగుసగా చెప్పుకొనే విషయాన్ని ఒక గురువు అంగీ వేసికొని నిలువబడి చెప్పాడు! ఈ వ్యాధిని పాపముతో మాత్రమే ముడివేస్తే పరీక్ష, మందులు, జ్ఞానము అన్నీ వెనుకబడతాయని ఆయన వాదించారు. 2003లో, హెచ్.ఐ.వి. సోకిన లేక దాని వలన బాధపడిన ఆఫ్రికా మతనాయకుల సహవాసం ఒకటి ఆయన చొరవతో ఏర్పడింది.

అదే దేశంలో ముస్లిం వైద్యుల సంఘము ఇమాములకు శిక్షణ ఇచ్చి, వారితోపాటు స్త్రీలను కూడా ఇంటింటికీ పంపింది. మొదట కండోము మాట ఎత్తడానికి ఇమాములు ఒప్పుకోలేదు. చర్చలు జరిగాక మార్పు వచ్చింది.

స్త్రీలు కూడా ఊరకుండలేదు. ఘనా దేశపు మెర్సీ అంబా ఒడుయోయె 1989లో ప్రారంభించిన ఆఫ్రికా స్త్రీ వేదాంత పండితుల బృందము, 2002లో అడిస్ అబాబాలో కూడినప్పుడు హెచ్.ఐ.వి.ని తమ పనిగా ఎత్తుకున్నది. బోత్స్వానాకు చెందిన ముసా దుబే వేదాంత కళాశాలల పాఠ్యాలలో ఈ విషయము చేర్చాలని అనేక దేశాలలో బోధకులకు శిక్షణ ఇచ్చారు. 1 కొరింథీయులకు 7:4 మనం ఎలా ప్రసంగిస్తున్నామో చూడండి. భార్య దేహము మీద భర్తకు అధికారమున్నదని సగం వచనమే మనకు కంఠస్థము. అదే అధికారము భర్త దేహము మీద భార్యకు ఉన్నదని పౌలు వెంటనే అంటున్నాడు. ఆ రెండవ సగము ఎన్ని పెండ్లి ప్రసంగాలలో విన్నాము?

మందు చేతికి ఇస్తే చాలదా అని మీరు అడగవచ్చు. 2009 నుండి 2012 వరకు దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేలలో ఐదు వేల మందికి పైగా స్త్రీలతో ఒక పరిశోధన జరిగింది. వ్యాధి రాకుండా రోజూ వాడే మాత్రలు, జెల్ ఇచ్చారు. పరీక్షించిన రక్త నమూనాలలో మందు కనబడినవి మూడవ వంతు కూడా లేవు! ఆ మాత్రలు చూస్తే తమకే వ్యాధి ఉందని జనము అనుకుంటారన్న భయము, భర్త ఏమంటాడోనన్న భయము స్త్రీలను ఆపాయి. చేతిలో మందు ఉన్నది, నోట వేసికొనే ధైర్యము లేదు. ఆ భయాన్ని పెంచేది, తీసివేసేది కూడా ఊరివారు గౌరవించే నోటి మాటే.

తరువాత స్త్రీ తానే లోపల అమర్చుకొనే రింగు వచ్చింది. నెలకొకటి మార్చాలి. భర్తను అడుగనక్కర లేదు. 2016లో వెలువడిన రెండు పరిశోధనలలో ఇది ప్రమాదాన్ని సుమారు 30 శాతము తగ్గించింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని సిఫారసు చేసింది. భర్తకు దాచడం తప్పు కదా అని కాపరులు అడుగవచ్చును. 1 సమూయేలు 25వ అధ్యాయము తెరవండి. అబీగయీలు నాబాలుతో చెప్పకుండానే బయలుదేరి ఇంటివారి ప్రాణాలు కాపాడింది. దావీదు ఆమెను మెచ్చుకొన్నాడే గాని తప్పు పట్టలేదు.

2024లో మరింత గొప్ప వార్త వచ్చింది. ఆరు నెలలకొకసారి వేసే లెనకాపవిర్ ఇంజెక్షన్ దక్షిణాఫ్రికా, ఉగాండాలలో 2,134 మంది యౌవన స్త్రీలకు ఇవ్వగా, వారిలో ఒక్కరికీ హెచ్.ఐ.వి. సోకలేదు.

ఇది ఎక్కడో ఆఫ్రికా సంగతి అనుకోవద్దు. ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మన దేశంలో వ్యాధి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలలో ఒకటి. 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏ.ఆర్.టి. మందులు మొదట ఇచ్చిన రాష్ట్రాలలో మనదీ ఉంది. భర్త తప్ప మరొకరిని ఎరుగని గృహిణులు మన ఊళ్లలోనూ ఈ వ్యాధితో ఆ కేంద్రాల ముందు వరుసలో నిలువబడ్డారు. పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితమే. మీకు దగ్గరలో అది ఎక్కడ చేస్తారో మీ స్త్రీల సమాజములో ఎవరినైనా అడిగి చూడండి. పాస్టరమ్మగారికి తెలుసునా?