మొరాయించిన మీటలు

క్రొత్త ల్యాప్‌టాప్ కొని ఇంటికి తెచ్చుకొన్న విద్యార్థి మొట్టమొదట తన పేరు టైపు చేసి చూచుకొంటాడు. ఆ పేరులో ఒక అక్షరం పడకపోయినా, ఒకటికి రెండు పడినా మనస్సు చివుక్కుమంటుంది. తెర వెలుగుతున్నది, లోపలి గణనయంత్రం క్షణంలో కోట్లకొలది లెక్కలు చేస్తున్నది, కాని ఒక చిన్న మీట మాత్రం మాట వినదు. మనిషి వ్రేలికీ యంత్రానికీ నడుమనున్న ఈ మీటల పలక నూటయేబది సంవత్సరాలుగా ఇట్లే పేచీలు పెడుతూ వచ్చినది. వాటిలో ఒక పెద్ద పేచీ హైదరాబాదులోనే నడిచినది.

అమెరికాలోని మిల్వాకీ నగరవాసి క్రిస్టఫర్ లాథం షోల్స్ మరి ఇద్దరితో కలిసి 1868లో టైపురైటరుకు పేటెంటు పొందినాడు. తుపాకులు చేసే రెమింగ్టన్ కంపెనీ 1874లో ఆ యంత్రాన్ని అంగడికి తెచ్చినది. మీట నొక్కితే లోపల ఒక సన్నని కడ్డీ లేచి, దాని కొననున్న అచ్చు సిరాపట్టీ మీదుగా కాగితానికి తగిలేది. రెండు కడ్డీలు వెంటవెంటనే లేస్తే పెనవేసుకొని నిలిచిపోయేవి. పైగా ఆ తొలి యంత్రాలలో అచ్చు కాగితానికి అడుగునుండి తగిలేది గనుక, వ్రాసిన పంక్తి వ్రాసేవానికి వెంటనే కనబడేది కాదు. మరి కొన్ని పంక్తులు నడిచిన తరువాతగాని తప్పు బయటపడేది కాదు. కడ్డీలు చిక్కుపడకుండా ఉండడానికే ఇంగ్లీషు మీటలను నేటి వరుసలో అమర్చినారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. తంతి పనివారి అవసరాలను బట్టి ఆ వరుస రూపొందినదని జపానుకు చెందిన పరిశోధకులు 2011లో వాదించినారు. ఏది నిజమైనా, వరుస మాత్రం స్థిరపడిపోయినది.

ఈ యంత్రం ఇంగ్లీషుకు సరిపోయినది. ఆ లిపిలో అక్షరాలు విడివిడిగా, ఒకే గీతమీద, ఒకదాని ప్రక్కన ఒకటి నిలుస్తవి. అట్లు నిలువని లిపుల మాటేమిటి?

హైదరాబాదు సంస్థానంలో 1880ల దశాబ్దంలో పారశీకం స్థానే ఉర్దూ రాజభాష అయినది. 1918లో ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడినది. కచేరీలలో ఫర్మానాలు, తీర్పులు, దరఖాస్తులు, పాఠశాలలలో పుస్తకాలు, అన్నిటికీ ఉర్దూ వ్రాత కావలసివచ్చినది. అరబ్బీ గ్రంథాలను సీసపు అచ్చులతో ముద్రించడం నగరానికి క్రొత్త కాదు. 1888లో స్థాపించబడిన దాయిరతుల్ మారిఫ్ సంస్థ ఆ పనికి ప్రసిద్ధి కెక్కినది. అరబ్బీ పుస్తకాలకు వాడే నస్ఖ్ వ్రాత ఇంచుమించు ఒకే గీతమీద నడుస్తుంది గనుక అది అచ్చుకు లొంగినది. ఉర్దూ పాఠకులు కోరేది నస్తాలీక్ వ్రాతను. అది గీతమీద నడవదు.

నస్తాలీక్‌లో కలిసివచ్చే అక్షరాల గుంపు కుడివైపున ఎత్తులో మొదలై, ఎడమకు జారుతూ, చివరి అక్షరం దగ్గర గీతను చేరుకొంటుంది. అనగా మొదటి అక్షరాన్ని ఎంత ఎత్తున వ్రాయాలో తెలియాలంటే, దాని తరువాత ఎన్ని అక్షరాలు రానున్నవో ముందే తెలియాలి. ఒకే అక్షరం తన ఇరుగుపొరుగులను బట్టి అనేక రూపాలు ధరిస్తుంది. చుక్కలు కూడా చోటు చూచుకొని జరుగుతవి. చేతితో వ్రాసేవానికి ఇది కష్టం కాదు. అతడు మాటనంతా మనసులో పెట్టుకొని కలం ఎత్తుతాడు. టైపురైటరుకు అట్టి జ్ఞాపకం లేదు. మీట నొక్కగానే అది కొట్టవలసినదే, కొట్టినదానిని వెనుకకు తీసుకోలేదు. రాబోయే అక్షరం దానికి తెలియదు.

హైదరాబాదు సంస్థానం నస్తాలీక్ టైపురైటరును సాధించడానికి ప్రయత్నించినది. అది ఫలించలేదు. వ్యాపార సరళిలో ఇది సాధ్యం కాదన్న నిర్ణయంతో ఆ దస్త్రం మూతబడినది. నస్ఖ్ అచ్చులతో ఉర్దూ టైపురైటర్లు రాకపోలేదు. అవి పనిచేసినవి కూడా. కాని నస్తాలీక్‌కు అలవాటుపడిన కంటికి ఆ పుటలు ఎబ్బెట్టుగా తోచేవి. ఇందులో దోషం ఏ ఒక్క మీటదీ కాదు. మీటకూ కాగితానికీ మధ్య ఆలోచించే అంగం ఏదీ లేకపోవడమే దోషం. అప్పటి ఇంజనీర్లను తప్పుపట్టవలసినది కూడా ఏమీ లేదు.

ఆ కొరతను పాత బస్తీలో కాతిబులు తీర్చినారు. ఛత్తా బజారులో కాతిబులు, ముద్రణాలయాలు ఇరుగుపొరుగున ఉండేవి. కాతిబు ప్రత్యేకమైన సిరాతో పుటను వ్రాసేవాడు. దానిని నునుపుచేసిన రాతిమీదికి ఎక్కించి అచ్చువేసేవారు. జర్మనీలో సెనెఫెల్డర్ 1796 ప్రాంతంలో కనిపెట్టిన ఈ శిలాముద్రణకు మూలం నూనెకూ నీటికీ పొసగకపోవడమే: తడిపిన రాయి జిడ్డుసిరాను తోసివేస్తుంది, జిడ్డుతో వ్రాసిన గీతలు మాత్రం దానిని పట్టుకొంటవి. శిలాముద్రణ పోయి ఆఫ్‌సెట్ వచ్చిన తరువాత కూడా వ్రాత కాతిబుదే. 1949లో ప్రారంభమైన సియాసత్ వంటి దినపత్రికలు ఎన్నో ఏండ్లు చేతివ్రాతతోనే వెలువడినవి. మీటలు ఓడిపోయినంతకాలం వందలాది కుటుంబాలకు కలమే అన్నం పెట్టినది.

తరువాత మీటలు గెలిచినవి. పాకిస్థానులో మీర్జా అహ్మద్ జమీల్ వేలకొలది అక్షరసంపుటాలను స్వయంగా వ్రాయగా, మోనోటైపు సంస్థ వాటిని కంప్యూటరులోనికి ఎక్కించినది. లాహోరు నుండి వెలువడే జంగ్ పత్రిక 1981లో ఆ నూరీ నస్తాలీక్‌తో వచ్చినది. 1994లో ఇన్‌పేజ్ అనే ప్రోగ్రాము మామూలు కంప్యూటర్లకే ఆ వ్రాతను అందుబాటులోనికి తెచ్చినది. మీట నొక్కగానే కంప్యూటరు కాగితంపై కొట్టదు. అక్షరాన్ని జ్ఞాపకంలో ఉంచుకొని, తరువాతిది రాగానే రూపం మార్చుకొంటుంది. కాతిబు మనసు చేసే పనిలో కొంతభాగం యంత్రానికి అబ్బినది. ఛత్తా బజారులో పెండ్లి శుభలేఖల అచ్చు నేటికీ సాగుతున్నది గాని, పత్రికల కొలువు పోయిన కాతిబులు చాలమంది వేరు పనులు వెదుకుకొన్నారు.

తెలుగుకు కూడా ఇట్టి చిక్కే ఉండేది, కాని ఇంత తీవ్రంగా కాదు. టైపురైటరులో మీటకు రెండు గుర్తుల చొప్పున తొంబదికి అటునిటుగా గుర్తులు పట్టేవి. గుణింతాలకు, వత్తులకు అవి ఏ మూలకూ చాలవు. కనుక బండి ముందుకు జరగకుండా అచ్చు మాత్రం పడే మీటలను కొన్నింటిని పెట్టినారు. 1966లో తెలుగు అధికారభాషగా శాసనం వచ్చిన తరువాత కచేరీలకు ఈ యంత్రాల అవసరం పెరిగినది. 1991లో భారత ప్రమాణాల సంస్థ లిపిసంకేత ప్రమాణాన్ని ప్రకటించినది. ఆ సంవత్సరమే యూనికోడ్ తొలి సంపుటం తెలుగుకు 128 స్థానాలు కేటాయించినది. ‘క్ష’ ఇప్పుడు క, పొల్లు, ష అనే మూడు సంకేతాలుగా దాచబడుతుంది. రూపం సంగతి ఫాంటు చూచుకొంటుంది.

లిపి చిక్కు ఇట్లు తీరినది. మీట చిక్కు మాత్రం తీరలేదు, రూపం మార్చుకొన్నది.

నేటి ల్యాప్‌టాప్‌లో కడ్డీలు లేవు. మీట క్రింద కత్తెరవలె మడిచే చిన్న ప్లాస్టిక్ చట్రం, దాని నడుమ రబ్బరు బుడిపె, దాని క్రింద విద్యుత్తు పారే గీతలు గల పలుచని ప్లాస్టిక్ పొరలు ఉంటవి. వ్రేలు నొక్కితే బుడిపె కుంగి రెండు గీతలు తాకుతవి. ఈ తాకిడి మనమనుకొన్నంత శుభ్రమైనది కాదు. నేలమీద వదలిన బంతి వలె అది కొన్ని మిల్లీ సెకన్లపాటు తాకుతూ వీడుతూ తుళ్ళుతుంది. ఒక్కసారి నొక్కినదానిని యంత్రం నాలుగైదు నొక్కులుగా పొరబడకుండా, మీటల పలకలోని చిన్న నియంత్రకం ఆ తుళ్ళింత అణగేవరకు ఆగి, అప్పుడే అక్షరాన్ని ఒప్పుకొంటుంది. మీట అరిగినా, ధూళి చేరినా తుళ్ళింత ఆ గడువు దాటుతుంది. ఒకటికి రెండక్షరాలు పడేది అప్పుడే.

ఇక తీగల సంగతి. ప్రతి మీటకూ ప్రత్యేకంగా తీగ వేస్తే పలుచని పెట్టెలో చోటు చాలదు. అందుచేత మీటలను అడ్డు, నిలువు వరుసల జాలంగా కలుపుతారు. 8 అడ్డు తీగలు, 16 నిలువు తీగలు ఉంటే, మొత్తం 24 తీగలతో 128 మీటలను గుర్తించవచ్చు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో గళ్ళ కాగితంమీద సులభంగా చూపవచ్చు. ఒక మీట మాత్రమే చచ్చిపోతే దోషం ఆ మీటలోనే ఉన్నదనుకోవచ్చు. ఒకదానికొకటి సంబంధం లేనట్లు కనబడే నాలుగైదు మీటలు ఒక్కసారిగా చచ్చిపోతే, అవి ఒకే తీగపై ఉన్నవేమో అనుమానించవలెను. ఆ తీగ తెగియుండవచ్చు, లేదా పలకను లోపలి బోర్డుకు కలిపే పట్టీ సరిగా కూర్చొని ఉండకపోవచ్చు.

మీటలు పనిచేస్తూనే వేరే అక్షరాలు వేస్తుంటే అది తరచుగా దోషమే కాదు. భాషాంతరపు వరుస ఎంపిక అయి ఉండవచ్చు. కొన్ని చిన్న ల్యాప్‌టాప్‌లలో అంకెల తాళం పడితే జె, కె, ఎల్ మీటలు 1, 2, 3 అంకెలు వేస్తవి. దుకాణానికి పరుగెత్తినవారు సిగ్గుపడి తిరిగివచ్చే సందర్భమిది. పరీక్ష సులభం: విండోస్ వంటి వ్యవస్థ మొదలు కాకముందు వచ్చే అమరిక తెరలో కూడా మీట పలకకపోతే దోషం యంత్రానిదే. అక్కడ పలికి తరువాత పలకకపోతే ప్రోగ్రాములది. బయటి కీబోర్డు తగిలించి చూచినా ఈ తేడా చాలవరకు తేలుతుంది.

క్రొత్త యంత్రంలో దోషం కేవలం ఒక పెట్టె దురదృష్టం కానవసరం లేదు, నమూనాలోనే ఉండవచ్చు. 2015లో ఆపిల్ సంస్థ ల్యాప్‌టాప్‌ను ఇంకా పలుచన చేయడానికి కత్తెర చట్రం మాని, సీతాకోకచిలుక రెక్కలవంటి చట్రం పెట్టినది. మీట కదలిక బాగా తగ్గిపోయినది. సన్నని ధూళికణం దూరినా మీట మొరాయించేదని ఫిర్యాదులు వచ్చినవి. 2018 జూన్‌లో ఆ సంస్థ, కొన్నప్పటినుండి నాలుగేండ్లవరకు ఉచితంగా బాగుచేస్తామని ప్రకటించినది. 2019లో మళ్ళీ కత్తెర చట్రం వచ్చినది. అమెరికాలో దావా వేసినవారితో 2022లో 5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినది.

మన దేశంలో 2020 జూలై నుండి అమలులోనున్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, దోషమున్న వస్తువు విషయమై రెండేండ్లలోగా జిల్లా కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చు. అందుకు రసీదు, హామీ పత్రం కావాలి. దోషం కనబడిన రోజునే దానిని ఫోనుతో వీడియో తీసి ఉంచుకోవడం మంచిది, ఎందుకనగా తుళ్ళింత దోషం బాగుచేసేవాని బల్లమీద ఒక్కోసారి కనబడదు.

టైపురైటరు కడ్డీ వంగితే మెకానిక్కు పట్టకారుతో సరిచేసేవాడు. ల్యాప్‌టాప్‌లలో చాలవాటికి కీబోర్డును పైపలకకు రివెట్లతో బిగిస్తున్నారు. ఒక్క మీటకోసం పలక మొత్తం మార్చవలసివస్తుంది. మరమ్మతు హక్కుకు రూపురేఖలు దిద్దడానికి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో ఒక సంఘాన్ని నియమించినది. తయారీదారుల మరమ్మతు వివరాలను ఒకచోట చేర్చే పోర్టల్ అదే సంవత్సరం డిసెంబరులో ప్రారంభమైనది.