రాషీ చూడని రాషీ ఇల్లు

ప్యారిస్‌కు ఆగ్నేయంగా దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో, సీన్ నది మీద ఉన్న పాత పట్టణం త్రువా. అక్కడి బ్రున్‌వాల్ వీధిలో ఓక్ దూలాల చట్రంతో కట్టిన ఇళ్ల సముదాయం ఒకటుంది. దాని పేరు ‘మేజోఁ రాషీ’, అంటే రాషీ ఇల్లు. లోపల యూదుల ప్రార్థనామందిరం, అంటే సినగాగ్ ఉంది, సందర్శకుల కోసం ప్రదర్శన ఉంది, ఊళ్లో మిగిలిన కొద్దిపాటి యూదు కుటుంబాలు కలుసుకునే చోటూ అదే. అదే వీధిలో రాషీ పేరుతోనే ఒక విద్యాసంస్థ హీబ్రూ, బైబిల్ పాఠాలు చెబుతుంది. చిక్కల్లా తేదీల దగ్గరే. మధ్యయుగపు యూదు పండితుడైన రాషీ 1105లో కన్నుమూశాడు. ఇళ్లు 16వ శతాబ్దానివి. ఆయన ఆ గడప తొక్కే అవకాశమే లేదు. అవి లేచిన నాటికి ఫ్రాన్సు రాజ్యంలో యూదులు కాపురం ఉండటానికి చట్టమే ఒప్పుకునేది కాదు.

అయినా ఆయన పేరు పెట్టడంలో న్యాయం లేకపోలేదు. తేదీ వేసి అచ్చయిన హీబ్రూ పుస్తకాల్లో మొట్టమొదటిది యూదుల పవిత్రగ్రంథమైన తోరాకు ఆయన రాసిన వ్యాఖ్యానమే. 1475 ఫిబ్రవరిలో ఇటలీ దక్షిణ కొసన ఉన్న రెజ్జో కలాబ్రియాలో అబ్రహాం గార్తోన్ అనే ముద్రాపకుడు దాన్ని వెలువరించాడు. 2025తో దానికి 550 ఏళ్లు నిండాయి. అందులో మూలగ్రంథం లేదు, వ్యాఖ్యానం ఒక్కటే ఉంది. మూలం కంటే ముందు టీకను అచ్చుకెక్కించడం విడ్డూరంగా తోచవచ్చు. కొలచల మల్లినాథసూరి చెయ్యి పట్టుకుని కాళిదాసు కావ్యాల్లోకి నడిచిన తెలుగువారికి మాత్రం ఆ ముద్రాపకుడి లెక్క తేలిగ్గానే అర్థమవుతుంది.

త్రువా మొదటినుంచీ సంతల ఊరు. మధ్యయుగంలో షాంపేన్ ప్రాంతాన్ని ఏలిన కౌంట్ల నీడలో ఏటా రెండు పెద్ద సంతలు జరిగేవి. వేసవిలో ఒకటి, చలికాలంలో ఒకటి. ఫ్లాండర్స్ ఉన్నిబట్టలు, ఇటలీ వర్తకులు తెచ్చే మిరియాలు, పట్టు అక్కడ చేతులు మారేవి. ఈనాటికీ అంతర్జాతీయ మార్కెట్‌లో బంగారం ధర చెప్పే ట్రాయ్ ఔన్సుకు ఆ పేరు ఈ ఊరి నుంచే వచ్చిందని చాలామంది నమ్మకం. అలాంటి చోటికి యూదు వర్తకులు ఎప్పుడు చేరారో చెప్పే కాగితాలు అతి తక్కువ. 11వ శతాబ్దం నాటికి మాత్రం చిన్నదే అయినా స్థిరపడిన సమాజం కనిపిస్తుంది. 1040లో పుట్టిన ష్లోమో బెన్ ఇత్సాక్ ఆ సమాజపు బిడ్డ. మతగురువు అనే అర్థమిచ్చే ‘రబ్బీ’ బిరుదును కలిపి, ఆయన పేరులోని తొలి అక్షరాలను కూర్చితే వచ్చిందే ‘రాషీ’.

యువకుడిగా ఆయన రైన్ నది ఒడ్డునున్న మైన్స్, వోర్మ్స్ పట్టణాలకు వెళ్లి, యూదు ధర్మచర్చల సంకలనమైన తాల్మూద్ చదువుకున్నాడు. తిరిగొచ్చి సొంత ఊళ్లో పాఠశాల పెట్టాడు. బతుకుతెరువుకు ద్రాక్షతోటలు సాగుచేశాడని ప్రతి పర్యాటక కరపత్రంలోనూ కనిపిస్తుంది. షాంపేన్ సీమలో పుట్టినవాడికి ఆ వృత్తి అతికినట్టు సరిపోతుంది కాబట్టి ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. హయిమ్ సొలొవెయిచిక్ అనే చరిత్రకారుడు మాత్రం దానికి చూపే సాక్ష్యం చాలదన్నాడు. ఏదేమైనా బుడగలు పొంగే షాంపేన్ పుట్టడానికి అప్పటికింకా ఆరు శతాబ్దాలు ఉంది.

రాషీకి కొడుకులు లేరు. యోఖెవెద్, మిర్యమ్, రాహెల్ అనే ముగ్గురు కూతుళ్లు. వాళ్ల చదువు, భక్తి గురించి తరవాతి కాలం అల్లిన కథలు చాలా ఉన్నాయి, ఆధారాలు మాత్రం లేవు. తేలిగ్గా రుజువయ్యేది మనవళ్ల సంగతి. వాళ్లలో ఇద్దరు, రష్బామ్, రబ్బేను తామ్, యూదు పాండిత్యంలో తాతకు దీటుగా నిలిచారు. నిలవడమే కాదు, తాత మాటను మొహమాటం లేకుండా ఖండించారు కూడా.

ఇంతకీ రాషీ చేసిన పనేమిటి? బైబిల్‌లోనూ, తాల్మూద్‌లోనూ చదివేవాడి కాలు తడబడే ప్రతి చోటా ఒక మెట్టు వేశాడు. తాల్మూద్ నడక సులువైనది కాదు. ఎవరు అడుగుతున్నారో, ఎవరు జవాబిస్తున్నారో, వాక్యం ఎక్కడ ఆగిందో చెప్పే విరామచిహ్నాలు అందులో ఉండవు. రాషీ రెండు మూడు మాటల్లో ఆ పని ముగించి తప్పుకుంటాడు. ఉపన్యాసం దంచడు. తెలియనప్పుడు తెలియదని రాస్తాడు. ఆదికాండంలో రిబ్కాను ‘యాకోబు, ఏశావుల తల్లి’ అని మళ్లీ చెప్పిన చోట, ఈ మాట మనకు ఏం నేర్పుతోందో నాకు తెలియదని ఒప్పుకున్నాడు. ఆ మాట రాయకుండా దాటేసినా అడిగేవాడు లేడు.

నిర్గమకాండంలో ప్రధాన యాజకుడు తొడుక్కునే ఏఫోదు అనే వస్త్రం ప్రస్తావన వస్తుంది. దాని ఆకారం ఎలాంటిదో పరంపరగా వచ్చిన వివరం తనకు దొరకలేదని రాషీ మొదటే చెప్పేస్తాడు. ఆ పైన తన మనసుకు తోచింది రాస్తాడు. గొప్పింటి స్త్రీలు గుర్రమెక్కేటప్పుడు వెనకనుంచి చుట్టి కట్టుకునే వస్త్రంలా ఉండి ఉంటుందట. యెరూషలేము దేవాలయంలోని పవిత్ర వస్త్రానికి పోలిక కోసం వెతికితే త్రువా వీధిలో గుర్రం మీద వెళ్లే ఒక దొరసాని ఆయన కళ్లకు కట్టింది. ఆ నడుంకట్టుకు ఊళ్లో వాడే ఫ్రెంచి మాటను కూడా హీబ్రూ లిపిలో పక్కన రాశాడు.

ఇలాంటి ఫ్రెంచి మాటలు ఆయన వ్యాఖ్యానాల్లో వేల సంఖ్యలో ఉన్నాయి. కమ్మరి పనిముట్లు, నేత పనులు, వంటలు, మొక్కలు, పక్షులు, పడవ భాగాలు, రోగాల పేర్లు. శిష్యులు ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచే కాబట్టి, అర్థం చటుక్కున తట్టాలని రాశాడు తప్ప భాషాసేవ ఆయన ఉద్దేశం కాదు. అయితే 11వ శతాబ్దపు ఫ్రెంచిలో మిగిలిన రచనలు బహు తక్కువ. ఉన్నవి కూడా ఎక్కువగా సాధువుల చరిత్రలు, వీరగాథలు. వాటిలో మసిగుడ్డ పేరు, మూకుడు పేరు దొరకవు. పైగా లాటిన్ చదువు మరిగిన లేఖకులు పాత వర్ణక్రమానికి కట్టుబడి రాసేవాళ్లు. హీబ్రూ అక్షరాల్లో రాసినవాడికి ఆ బరువు లేదు, చెవికి వినబడింది వినబడినట్టు రాశాడు.

తరవాత జరిగింది ఊహించదగ్గదే. జర్మనీలో, స్పెయిన్‌లో, ఇటలీలో ప్రతులు ఎత్తిరాసినవాళ్లకు ఫ్రెంచి రాదు. హీబ్రూలో ‘ద’, ‘ర’ అక్షరాలు కవలల్లా ఉంటాయి, ‘వ’కూ ‘య’కూ తేడా గీత పొడవులోనే. నాలుగైదు తరాలు ఎత్తిరాసేసరికి చాలా మాటలు ఏ భాషకూ చెందకుండా పోయాయి. వాటిని తిరిగి బతికించాలని కంకణం కట్టుకున్నవాడు ఆర్సెన్ దార్మెస్తెతెర్. 1846లో లొరేన్‌లో ఒక పుస్తకాల బైండరు ఇంట పుట్టాడు. రబ్బీ కావాల్సిన చదువుతో మొదలై భాషాశాస్త్రంలోకి వచ్చాడు. హీబ్రూ, పాత ఫ్రెంచి రెండూ క్షుణ్ణంగా తెలిసినవాళ్లు అప్పట్లో వేళ్ల మీద లెక్కపెట్టదగినవాళ్లే. ఆయన ఇంగ్లండ్, ఇటలీ గ్రంథాలయాల్లో రాతప్రతుల ముందు కూర్చుని, ఒకే మాటకు పది ప్రతుల్లోని పాఠాలు పక్కపక్కన పెట్టి, ఏ అక్షరం ఎక్కడ జారిందో పట్టుకునేవాడు. పని సగంలో ఉండగానే 1888లో, 42 ఏళ్లకే పోయాడు. ఆయన నోట్సు ఆధారంగా అమెరికన్ పండితుడు డేవిడ్ బ్లాండ్‌హైమ్ తాల్మూద్ వ్యాఖ్యానాల్లోని మాటల సంపుటిని 1929లో అచ్చు వేయించాడు. ఆ తరవాత పాత ఫ్రెంచి నిఘంటువు కూర్చేవాళ్లు త్రువా రబ్బీ దగ్గరికి రాక తప్పలేదు.

రాషీ చివరి పదేళ్లు ప్రశాంతంగా గడిచి ఉండవు. 1096లో మొదటి క్రూసేడుకు బయల్దేరిన మూకలు ఆయన చదువుకున్న వోర్మ్స్, మైన్స్ పట్టణాల్లోనే యూదులను ఊచకోత కోశాయి. 1147లో, రెండో క్రూసేడు రోజుల్లో మనవడు రబ్బేను తామ్ ఇంటి మీద పడి, ఆయన తలకు అయిదు గాయాలు చేశారు. అటుగా వెళ్తున్న ఒక యోధుడికి గుర్రం ఇస్తానని మాటిచ్చి ప్రాణం దక్కించుకున్నాడు. ఆ తరవాత ఆయన త్రువాకు మకాం మార్చాడు. ఆయన ఆధ్వర్యంలో ఫ్రాన్సు యూదు సమాజాల పెద్దలు ఆ ఊళ్లో సమావేశమై కట్టుబాట్లు చేసుకున్నారు.

1242 ప్రాంతంలో ప్యారిస్‌లో తాల్మూద్ ప్రతులను బండ్లకొద్దీ తెచ్చి తగలబెట్టారు. 1288లో మంట త్రువాకే వచ్చింది. ఈస్టర్ రోజుల్లో ఇసాక్ షాత్‌లేన్ అనే ధనికుడి ఇంట్లో ఎవరో ఒక శవాన్ని పడేసి హత్యానేరం మోపారు. ఏప్రిల్ 24న 13 మందిని సజీవంగా దహనం చేశారు. ఇసాక్, ఆయన భార్య, ఇద్దరు కొడుకులు, కోడలు, హయిమ్ అనే శస్త్రవైద్యుడు అందులో ఉన్నారు. ఈ ఘోరాన్ని యాకోబ్ బెన్ యూదా అనే కవి విలాపగీతంగా రాశాడు. భాష ఫ్రెంచి, లిపి హీబ్రూ. మతం మారితే మంచి సంబంధం చూస్తామని ఆశపెట్టినవాళ్ల మీద ఆ కోడలు ఉమ్మేసిందని అందులో ఉంది. ఆ ప్రతి వాటికన్ గ్రంథాలయంలో ఉంది. 1874లో దాన్ని ప్రచురించింది కూడా దార్మెస్తెతెరే. మృతుల ఆస్తి రాజు నాలుగో ఫిలిప్ ఖజానాకు చేరింది. మతాధికారులు చెప్పగానే యూదులను పట్టుకోవద్దని ఆ మరుసటి నెలే రాజు ఆజ్ఞ ఇచ్చాడు. అదే రాజు 1306లో వాళ్లందరినీ దేశం నుంచి వెళ్లగొట్టాడు. తరవాత పిలవడం, పంపడం కొన్నాళ్లు నడిచి, 1394లో తలుపు పూర్తిగా మూసుకుంది.

1524 మే నెలలో త్రువాలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఊళ్లో పెద్ద భాగం బూడిదైంది. మళ్లీ కట్టినప్పుడు ఓక్ చట్రాలు నిలబెట్టి, మధ్య ఖాళీల్లో గడ్డి కలిపిన అడుసు మెత్తారు. పై అంతస్తులు వీధిలోకి ముందుకు వంగి ఉంటాయి. ‘పిల్లుల సందు’ అనే చోట ఎదురెదురు చూరులు దాదాపు తాకుతాయి, పైకప్పు మీద నుంచి పైకప్పు మీదికి పిల్లి దూకేయగలదని ఆ పేరు. ఇంచుమించు ఆ ఏళ్లలోనే, 1520–23 మధ్య, వెనిస్‌లో డేనియల్ బాంబర్గ్ తాల్మూద్‌ను అచ్చువేస్తూ పుటలో లోపలివైపు రాషీకి శాశ్వత స్థానం ఇచ్చాడు. ఆ వ్యాఖ్యానానికి వాడిన అచ్చును ‘రాషీ లిపి’ అంటారు. అది స్పెయిన్ యూదుల చేతిరాతను బట్టి పోతపోసింది. రాషీ అలా రాయలేదు.

అక్కణ్నుంచి కథ తెగిన పూసల దండే. 1791లో ఫ్రెంచి విప్లవం యూదులకు పౌరసత్వం ఇచ్చింది. 1871 తరవాత అల్సాస్ జర్మనీ పాలవడంతో కొన్ని కుటుంబాలు ఇటు వచ్చాయి. ఊరు అప్పటికి మేజోళ్లు, బనియన్లు అల్లే మిల్లుల ఊరు. మొసలి బొమ్మ లకోస్త్ చొక్కా 1930ల్లో పుట్టింది ఇక్కడే. 1940 నుంచి నాలుగేళ్లు జర్మన్ ఆక్రమణ. ఆ కాలంలో ఫ్రాన్సు మొత్తం మీద దాదాపు 76,000 మంది యూదులను శిబిరాలకు తరలించారు. 1962లో అల్జీరియా స్వతంత్రమయ్యాక ఉత్తర ఆఫ్రికా యూదులు ఫ్రాన్సు నలుమూలలకూ చేరారు. త్రువాలోనూ వాళ్లతో సమాజం మళ్లీ చిగురించింది. బ్రున్‌వాల్ వీధి పాత ఇళ్లు సినగాగ్‌గా మారింది ఆ దశకంలోనే. రాషీ నాటి పద్ధతికి, అల్జీరియా నుంచి వచ్చినవాళ్ల ప్రార్థన పద్ధతికి పోలిక తక్కువ. పేరు మాత్రం రాషీదే పెట్టుకున్నారు.

అదే వీధిలో రాషీ పేరుతో ఉన్న విద్యాసంస్థ 1990 నాటిది, రాషీ పుట్టి 950 ఏళ్లయిన సందర్భంలో వచ్చింది. పాత యూదు శ్మశానం ఉండేదని చెప్పే చోట, థియేటర్ దగ్గర, రేమండ్ మొరెత్తి చెక్కిన నలుపు తెలుపు గోళాన్ని కూడా ఆ ఏడే నిలబెట్టారు. రాషీ సమాధి ఆనవాలు ఎప్పుడో పోయింది. ఇళ్లకు పూర్తి మరమ్మతులు చేసి, ముంగిలి మీద గాజు కప్పు వేసి, 2017లో ‘మేజోఁ రాషీ’గా తెరిచారు. ఇజ్రాయెల్, అమెరికాల నుంచి వచ్చే యాత్రికులు ముందుగా అడిగేది రాషీ ఏ గదిలో కూర్చుని రాశాడని. గైడ్లు 1524 అగ్నిప్రమాదం నుంచే కథ మొదలుపెట్టాల్సి వస్తుంది.