కట్ట పోసినోళ్ళు, రేవు దక్కనోళ్ళు

వరంగల్ నుంచి ఖమ్మం పోయే తొవ్వలో తొర్రూరు ఉంటది. 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. ఈ తావంతా చెరువుల సీమ. గణపతిదేవుని కాలంలో పాకాల, రామప్ప చెరువులు తవ్వించినవాళ్ళ పేర్లు చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. తట్ట మోసినవాళ్ళ పేర్లు లేవు. తవ్వించినవాడు దాత అయ్యాడు, తవ్వినవాడు అనామకుడయ్యాడు.

చెరువు కట్టంగనే పని అయిపోదు. తూము ఎప్పుడు తియ్యాలె, ఏ మడికి ఎంత నీళ్ళు పారాలె, వానాకాలం కట్ట ఎక్కడ కుంగుతది, మత్తడి ఎప్పుడు దుంకుతది - ఇవన్నీ తెలిసినవాడు నీరటికాడు. చాలా ఊళ్ళల్ల ఈ పని దళిత కుటుంబాలదే. ఊరందరి పొలాలకు నీళ్ళు పెట్టిన చెయ్యి ఊరి బాయి చేదను ముట్టరాదు. రేవులు కూడా కులం లెక్కనే పంచుకున్నారు. పశువు దిగిన నీళ్ళు మైలపడవట, మాదిగ దిగితే పడతయట!

ఈ నీతిని అంబేద్కర్ 1927 మార్చి 20న మహద్‌లో సవాలు చేశాడు. చౌదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగాడు. అక్కడి పురపాలక సంఘం అప్పటికే చెరువును అందరిదని తీర్మానించింది. అయినా నీళ్ళు ముట్టినందుకు దళితులను కొట్టారు. కాగితం మీది హక్కు వేరు, రేవులో దిగే హక్కు వేరు అని తేలింది ఆనాడే. కోర్టు తగాదా తెగేసరికి 1937 వచ్చింది. 1950లో అమలైన రాజ్యాంగం 15వ అధికరణలో బావులు, చెరువులు, స్నానఘట్టాలను పేరుపెట్టి చెప్పడం వెనుక ఈ చరిత్ర ఉంది.

రాజ్యాంగం వచ్చి 35 ఏండ్లయ్యాక కారంచేడులో ఏం జరిగింది? మాదిగలు తాగే చెరువు నీళ్ళను కమ్మ యువకులు పాడుచేస్తుంటే మున్నంగి సువార్త అడ్డం చెప్పింది. మర్నాడు, 1985 జులై 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. దళిత మహాసభ ఆ నెత్తుటి నుంచే పుట్టింది. దళితులు వాడుకునే నీళ్ళను చెడగొట్టడం 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో నేరమైంది.

2015లో మొదలైన మిషన్ కాకతీయ, నియోజకవర్గానికొక మినీ ట్యాంక్‌బండ్ అన్నది. కట్ట మీద నడకదారి, బల్లలు, దీపాలు, బతుకమ్మ ఘాట్. మంచిదే. ప్రజలు నీటి దగ్గరికి రావాలె. కానీ ఏ ప్రజలు? వాడ బతుకమ్మను ఊరి బతుకమ్మ పక్కన పెట్టనియ్యని చోట ఘాట్‌కు ఎన్ని మెట్లు కడితే ఏం లాభం? నడకదారి ఊరి నుంచి మొదలై వాడకు ముందే ఆగితే అది ఎవరి తొవ్వ? కట్ట అందం కోసం చాపలు పట్టేటోళ్ళను, బట్టలుతికేటోళ్ళను, శిఖంలో నాలుగు గుంటలు దున్నుకునేటోళ్ళను లేపేస్తే ప్రకృతితో కలిసేది ఎవరు? తరాలుగా ఆ నీటితో కలిసి బతికింది వాళ్ళే కదా.

అందుకని మూడు మాటలు. నక్షా గీసేముందు గ్రామసభ వాడలో కూడా కూర్చోవాలె. మొదటి మెట్టు, చక్రాల కుర్చీ ఎక్కే ఏటవాలు దారి వాడ దిక్కు నుంచి మొదలుకావాలె. కట్ట మీద రాయి పాతితే దాని మీద నీరటికాండ్ల పేర్లుండాలె. ఆ పేర్లు ఇంకా ముసలోళ్ళ నోళ్ళల్ల ఉన్నాయి. విద్యార్థులు పోయి రాసుకోవాలె, ఆ ముసలోళ్ళు ఉన్నప్పుడే.