పత్రికాలయపు యంత్రలిపియు విలేకరుల శిక్షణమును

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలమున పెన్న యొడ్డున పల్లిపాడు కలదు. 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీమహాత్ముడు ప్రారంభించిన ఆశ్రమ మచ్చటనే యున్నది. ఆ యాశ్రమచరిత్ర వ్రాయబూనిన పరిశోధకునకు నాటి పత్రికలు, లేఖలు, స్వీయచరిత్రలు ఆధారమగును. అదే మండలమున మైపాడు తీరమునకు 1990 ప్రాంతమున రొయ్యల చెరువులు వచ్చిన కథను వ్రాయబూనినవానికి మాత్రము దగ్గరి కాలపు ఆధారములే దుర్లభములు. ఈ వైపరీత్యమునకు కారణము వెదకుచు మేము విలేకరుల శిక్షణ చరిత్రలోనికి పోవలసివచ్చినది.

ఆంధ్రప్రదేశమున మండలములు 1985లో ఏర్పడినవి. 1989లో ‘ఈనాడు’ జిల్లాకొక చిన్న పత్రికను మూలపత్రికతో జతచేసి యిచ్చుట మొదలిడినది. తక్కిన పత్రికలును ఆ త్రోవనే పట్టినవి. దానితో మండలమున కొక విలేకరి కావలసివచ్చెను. ఆతడు వార్తను కాగితముమీద వ్రాసి, కవరులో పెట్టి, జిల్లా కేంద్రమునకు పోవు బస్సులో వేసెడివాడు. అచ్చట ఉపసంపాదకుడు దిద్దిన పిమ్మట వేరొకరు దానిని కంప్యూటరున కెక్కించెడివారు. వార్త వ్రాసిన చేయి వేరు, అక్షరము కూర్చిన చేయి వేరు. సీసపు అక్షరముల కాలమునుండి వచ్చిన యీ విభజనమే బోధనలోను నిలిచినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1954లో పత్రికారచనాశాఖ వెలసినప్పుడు విద్యార్థికి కావలసిన పనిముట్లు కలము, కాగితము. మించిన నొక టైపురైటరు.

పాశ్చాత్యదేశములందు ఈ విభజనము 1970లలో చెదరినది. ‘న్యూయార్క్ టైమ్స్’ 1978 జులైలో సీసపు అచ్చును విడిచి కంప్యూటరు కూర్పునకు మారెను. విలేకరి తెరపై కొట్టిన మాటయే పుట కెక్కినది. 1985లో పేజ్‌మేకర్ వచ్చుటతో చిన్న పత్రికలకును ఈ సౌకర్యము దక్కినది. మనకును ఆ సాధనములే వచ్చినవి గాని, అవి తెలుగు లిపి నెఱుగవు. ఇంగ్లీషు అక్షరములకు కేటాయించిన సంకేతస్థానములలో తెలుగక్షరముల ముక్కలను, అనగా తలకట్టును, గుడిని, వత్తును, వేర్వేరుగా కూర్చి పని నడపిరి. తయారుచేసినవా రెందరో, కూర్పు లన్ని. ఒక ఫాంటున ‘క’యైనది వేరొక ఫాంటున మరియేదో యగును.

శిక్షణకు చిక్కు వచ్చిన దిచ్చటనే. ఏ కీబోర్డు నేర్పవలెనో విశ్వవిద్యాలయమునకు తెలియదు. నేర్పినను వేరొక కార్యాలయమున అది చెల్లదు. కావున పత్రికలే స్వంత పాఠశాలలు తెరచి, తమ యంత్రముపై తమ పద్ధతిని నేర్పుకొన్నవి. ‘ఈనాడు’ పాఠశాలకు భాషాశాస్త్రజ్ఞులైన బూదరాజు రాధాకృష్ణగారు ప్రధానాచార్యులుగా నుండుట గమనింపదగినది. యంత్రము వచ్చిన చోట భాషాపండితుని అవసరము తగ్గక పెరిగినదని మా తలంపు. ఆ పాఠశాలలను నిందించుటకు మాకు మనసొప్పదు. నిజమైన పనిముట్టుపై నిజమైన గడువునకు పనిచేయించిన శిక్షణము వానిది. తరగతిగదిలో దానికి సరివచ్చున దేదియు మే మప్పు డీయలేకపోతిమి.

అయినను ఒక లోపము మిగిలినది. విద్యార్థి నేర్చినది ఆ కార్యాలయపు లిపిని మాత్రమే. ఆతడు వ్రాసిన వార్తయు ఆ లిపిలోనే బందీయైనది. యూనికోడున తెలుగునకు 1991లోనే స్థానమేర్పడినది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ దానిని చూపగలిగినది. కాని పుటలు కూర్చు సాఫ్ట్‌వేరు సిద్ధముగా లేదు. ఇన్‌డిజైన్ భారతీయలిపులను సరిగా కూర్చుట 2012 నాటి మాట. అంతవరకును పాత ఫాంటును విడుచుట ఏ పత్రికకును సులభము కాలేదు. నాగార్జున వెన్నగారి ‘పద్మ’ వంటి పరివర్తకములు పాఠకునకు కొంత మేలు చేసినవి.

దూరదర్శినీవార్తల విషయము వేరు. అసోసియేటెడ్ ప్రెస్ 1990లలో బి.బి.సి. కొఱకు రూపొందించిన ఇ.ఎన్.పి.ఎస్. వంటి వ్యవస్థలలో వ్రాసినది, దిద్దినది, చదువవలసిన క్రమము, పట్టుకాలము అన్నియు ఒకచోటనే నిలుచును. అట్టి వ్యవస్థను విద్యార్థుల కప్పగించినచో వారు మొట్టమొదట నేర్చునది వేగము కాదు. తమ వాక్యమును వేరొకడు వెదకి పట్టుకొనునట్లు వ్రాయుట. శీర్షికలో ఊరిపేరు, తేదీ, ఒకే వర్ణక్రమము: ఇవి గుమాస్తాపనులని తలంచిన బోధకులలో మేమును ఒకరము.

సాగరతీరపు రొయ్యల చెరువులపై సర్వోన్నతన్యాయస్థానము 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పును నేడెవ్వరైనను చదువవచ్చును. దానికి ముందు ఊరూర ఏమి జరిగినదో జిల్లాపుటలలో వెదకవలసినదే. మా పరిశోధకవిద్యార్థి యొకడు ఒక పత్రికాలయమునుండి పాత ఫైళ్లు కొన్ని తెచ్చెను. తెరచినంతనే తెరనిండ ఇంగ్లీషక్షరముల గుంపు కనబడినది. పరివర్తకముతో మార్చగా చాలవరకు తెలుగైనది. కాని ఐత్వపు ముక్క యొకటి జారిపోవుటచే ప్రతిచోటను ‘మైపాడు’ ‘మెపాడు’గా మారినది. ఊరిపేరు కొట్టి వెదకిన ఒక్క వార్తయు దొరకలేదు. ఆతడు ఫైళ్లన్నిటిని మొదటినుండి చదువుచున్నాడు.