రూలెటెడ్ పాత్రలు

చారిత్రక యుగారంభంలో భారతదేశపు తూర్పు తీరాన, శ్రీలంకలో వాడుకలో ఉన్న పలుచని, నున్నటి మట్టిపళ్ళాలు. అంచు లోపలికి వంగి, అడుగు చదునుగా ఉంటుంది. లోపలి అడుగున సన్నని గాట్లు వలయాలుగా కనిపిస్తాయి. పేరు వాటిని బట్టే వచ్చింది. పళ్ళచక్రాన్ని దొర్లించి గాట్లు వేశారన్నది పాత వివరణ. సారె మీద తిరిగే పళ్ళేనికి పలుచని రేకు ఆనించగా, అది అదురుతూ పెట్టిన గుర్తులన్నది మరో అభిప్రాయం. ఆవంలో గాలి తగ్గించి కాల్చినందువల్ల పెంకు ఎక్కువగా బూడిదరంగులో, పైభాగం నలుపుగా ఉంటాయి.

1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో తవ్వకాలు జరిపిన మార్టిమర్ వీలర్, అక్కడే దొరికిన ఇటలీ ఎర్రపాత్రల ఆధారంగా వీటిని సుమారు క్రీ.శ. 1వ శతాబ్దానికి చెందినవిగా లెక్కగట్టి, అలంకరణ పద్ధతి మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చిందని భావించారు. ఆ ఆధారాలను తిరిగి పరిశీలించిన విమలా బెగ్లీ ఆరంభాన్ని క్రీ.పూ. 2వ శతాబ్దానికి జరిపారు. శ్రీలంకలోని అనూరాధపురం తవ్వకాల పొరలను చూసినా ఈ రెండో లెక్కే పొసగుతుంది. అంటే రోమన్ వర్తకం ముమ్మరం కాకముందే ఈ పళ్ళాలు తీరం వెంట తిరుగుతున్నాయి.

తయారీ స్థలం గురించిన చర్చ ఇంకా తెగలేదు. దొరికిన ప్రతిచోటా అక్కడి కుమ్మరులే చేసి ఉంటే మట్టి స్వభావం చోటుచోటుకూ మారాలి. కానీ బాలి ద్వీపంలోని సెంబిరన్ పెంకులను నూట్రాన్ ఉత్తేజన పద్ధతిలో పరీక్షిస్తే, అవి అరికమేడు, అనూరాధపురం పెంకులతో ఒకే కోవలో చేరాయి. పుణె దక్కన్ కళాశాలకు చెందిన వి.డి. గోగ్టే ఎక్స్‌రే వివర్తనంతో పెంకుల్లోని ఖనిజాలను పోల్చి, 1997లో బెంగాల్‌లోని చంద్రకేతుగఢ్-తామ్లుక్ ప్రాంతాన్ని మూలంగా చూపారు. 2005లో ఫోర్డ్, పోలార్డ్, కోనింగ్‌హామ్, స్టెర్న్ ప్రచురించిన రసాయన విశ్లేషణ కూడా, ఈ పాత్రలకూ వీటిని పోలిన ఇతర నాణ్యమైన పాత్రలకూ ఒకే భౌగర్భిక మూలం ఉందన్న వాదాన్ని బలపరిచింది. ఒకే మూలమన్నంత వరకు సాక్ష్యం గట్టిదే. అయితే గంగ దిగువన ఒండ్రుమట్టి చాలా దూరం ఒకే తీరుగా ఉంటుంది. మట్టి ఏ నదిదో చెప్పగల పరీక్ష, ఆవం ఏ ఊళ్ళో ఉండేదో చెప్పలేదు. కనుక గోగ్టే సూచించిన ప్రాంతాన్ని బలమైన ఊహగా తీసుకోవడమే మేలు.

ఆంధ్రలో అమరావతి, శాలిహుండం వంటి బౌద్ధస్థలాల్లోనూ, పడమట ఎర్రసముద్ర తీరాన ఈజిప్టు రేవు బెరెనికెలోనూ ఈ పెంకులు లభించాయి. కొన్నిచోట్ల గరుకు మట్టితో, ఇవే గాట్లు వేసి చేసిన స్థానిక అనుకరణలు కూడా బయటపడ్డాయి.